ర్యాంపు నేలా, బండా?

కోటిలింగానికి ఒక పాడు అలవాటుంది. ఎవరైనా బొమ్మ గీసి ఇలా చెయ్యమంటే అలా చెయ్యడు. చేతకాక కాదు. చినమల్లెపాడు చుట్టుపక్కల ట్రాక్టర్ తొట్టి పగిలినా, మందు డ్రమ్ముకి స్టాండు కావాలన్నా అతని వెల్డింగ్ షెడ్డు ముందు ఆగాల్సిందే. కానీ చేసిన ప్రతి వస్తువులోనూ తన సొంత తెలివి ఎంతోకొంత కలవకపోతే ఆ పూట అతనికి అన్నం సయించదు. గేటు చెయ్యమంటే పైన రెండు హంసలు అతికిస్తాడు. "హంసలెందుకయ్యా, నేనడిగానా?" అని ఇంటాయన మొత్తుకుంటే, "అందంగా ఉంటయ్, ఉండనీ" అని నల్లద్దాలు కళ్ళకి దించేసుకుంటాడు. ఇక ఆ చెవులకి ఏమీ వినపడనట్టే.

అలాంటి మనిషి చేతికి సౌజన్య ఆటస్థలం బొమ్మలు ఇచ్చింది.

సౌజన్య గుంటూరు అమ్మాయి. పల్లెటూళ్ళలో పిల్లలకి ఆటస్థలాలు కట్టించడమే ఆమె ఉద్యోగం. బడికీ మిరప కల్లాలకీ మధ్య కంపచెట్లు మొలిచిన పంచాయతీ స్థలాన్ని శుభ్రం చేయించి, పరిగెత్తగలిగే పిల్లలూ పరిగెత్తలేని పిల్లలూ ఒకచోటే ఆడుకునేట్టు, ఆడుకుంటూనే నాలుగు విషయాలు నేర్చుకునేట్టు చేద్దామని వచ్చింది. "నేర్చుకోడానికి బడుంది, ఆడుకోడానికి బజారుంది, మధ్యలో ఇదేందమ్మా?" అని ఊళ్ళో పెద్దలు అడిగితే నవ్వి ఊరుకునేది. ఆమె గీసిన బొమ్మల్లో పాత డిస్కు నాగలి పళ్ళేలు వరసగా వేలాడుతుంటాయి. కొడితే ఒక్కోటీ ఒక్కో స్వరం పలకాలి. కాటాలాంటి ఊగుడు బల్ల ఉంది. సన్నపిల్ల చివరికంటా జరిగి కూర్చుంటే అటుపక్క లావుపాటి పిల్లాడు గాల్లోకి లేస్తాడు. స్థలం నడిమధ్యన మోకాలెత్తు సిమెంటు అరుగు, దానికి ఒకపక్క మెట్లు, ఇంకోపక్క రెయిలింగుతో పొడుగాటి ర్యాంపు. ఓ మూల తాళ్ళతో అల్లిన పెద్ద గంప ఉయ్యాల.

"ఇంత గంప ఎందుకు మేడం?" అని అడిగాడు కోటిలింగం.

"నలుగురైదుగురు కలిసి పడుకుని ఊగడానికండీ. సరిగ్గా కూర్చోలేని పిల్లలున్నా పక్కనున్నవాళ్ళు పట్టుకుంటారు."

కూర్చోలేని పిల్లలు అన్న మాట దగ్గర కోటిలింగం బుర్ర ఆగిపోయింది. మిగతా బొమ్మలన్నీ బుద్ధిగా గీసినట్టే చేశాడు. గంప ఉయ్యాలా అల్లించాడు. కానీ ఆ మాట పట్టుకుని లోపల ఇంకో బొమ్మ గీసుకున్నాడు. రేపు ప్రారంభోత్సవమనగా షెడ్డులో కూర్చుని దాన్ని పూర్తిచేస్తున్నాడు.

అది కుర్చీ ఉయ్యాల. వీపుకి ఆనుకోడానికి వంపు తిప్పిన పట్టీ, చేతులు పెట్టుకోడానికి గుండ్రటి పైపులు, కాళ్ళు వేలాడకుండా కింద పీట, నడుముకి బెల్టు. బెల్టు హుక్కు ఎక్కడ పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాడు. ముందుంటే పిల్లది ఊగుతూ ఊగుతూ విప్పేసుకుని జారిపడుతుంది. వెనక్కి పెట్టాడు. వీపు పట్టీ మీద రెండు హంసలు కూడా వాలాయి.

టీ తెచ్చిన భార్య దుర్గ గ్లాసు చేతికివ్వకుండా ఆ పైపుల వంక చూసింది. "ఇయ్యి ర్యాంపు రెయిలింగు పైపులు కాదూ?"

"రెయిలింగు రేపు కాకపోతే ఎల్లుండి పెడతా. అదెక్కడికి పోద్ది? ముందు నా కూతురు ఊగాలి."

కూతురు అప్పుడే బడి నుంచి వచ్చి షెడ్డు గుమ్మంలో వాకర్ ఆపుకుని నిలబడింది. పేరు శ్రీదివ్య, ఇంట్లో దివ్య. నాలుగో తరగతి. పుట్టిన దగ్గర్నుంచీ మోకాళ్ళ కింద బిగుసుకుపోయి కాళ్ళు చెప్పిన మాట వినవు. నోరు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆడుతుంది. ఆ వాకర్ కూడా కోటిలింగం చేసిందే. పాప ఎదిగినప్పుడల్లా కాళ్ళకి అతుకులు వేస్తూ వస్తున్నాడు.

"ఇదెవరికి నాన్నా?"

"నీకే."

"నా ఒక్కదానికేనా?"

"నీ ఒక్కదానికే! ఇంకెవ్వరూ ఎక్కడానికి లేదు," అన్నాడు గొప్పగా.

దివ్య ఆ కుర్చీ వెడల్పుని కళ్ళతోనే కొలిచింది. "ఇద్దరు పట్టరా?"

"ఇద్దరెందుకమ్మా? తోసుకుంటే పడిపోవూ?"

 దివ్య వాకర్ తిప్పుకుని బజారు వైపు వెళ్ళింది. అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాడు తండ్రి.

బజారులో పిల్లలు నేల-బండ మొదలెట్టారు. దొంగైనవాణ్ణి "నేల కావాలా, బండ కావాలా?" అని అడుగుతారు. వాడు నేల కోరుకుంటే నేలంతా వాడి సొత్తు. మిగతావాళ్ళు అరుగుల మీదో మెట్ల మీదో నిలబడి, మధ్యమధ్యలో కిందకి దిగి "నీ నేల తొక్కుతున్నానోచ్!" అని ఏడిపించాలి. నేల మీదుండగా దొంగ ముట్టుకున్నాడా, దొరికినవాడు ఔటు, ఇక వాడే దొంగ. ఇది ఆడని పిల్లలు ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఉండరు.

దివ్య కూడా ఆడుతుంది. అంటే, ఆడుతున్నట్టు లెక్క. ఆమె ఆటలో అరటిపండు. అరుగు ఎక్కలేదు కాబట్టి ఎప్పుడూ నేల మీదే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు, ముట్టుకున్నా ఔటు కాదు. ఆ సాయంత్రం మిరప కోతలకి వచ్చిన కుటుంబంలోని కొత్త పిల్లాడొకడు తెలియక ఆమె భుజం తట్టి "ఔట్!" అని అరిచాడు. ఆటకి పెద్ద అయిన జహీరున్నీసా, అందరూ జహీరా అనే పదేళ్ళ పిల్ల, అరుగు మీంచే వాణ్ణి కసిరింది. "దాన్నంటుకుంటే లెక్కలేదురా. అది అరటిపండు." కొత్త పిల్లాడు నాలుక కరుచుకున్నాడు. దివ్య కూడా అందరితో పాటు నవ్వింది.

షెడ్డులోంచి ఇదంతా చూసిన కోటిలింగానికి ఆ పిల్లల మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో! ఎంత మంచి పిల్లలు, మా దాన్ని ఒక్కమాట అననివ్వరు అని మురిసిపోయాడు. మురిసిపోడా మరి? ఆ నియమం పెట్టించింది అతనే. దివ్య మొదటిసారి బజారులోకి వెళ్ళినప్పుడు పిల్లలందరికీ పుల్లఐసులు కొనిపెట్టి, "మా పాపని అరటిపండుగా ఉంచుకోండమ్మా" అని బతిమాలుకున్నాడు. కన్నతండ్రి కదా, ఎవరైనా అంతే చేస్తారు.

మర్నాడు ప్రారంభోత్సవం. సర్పంచ్ వెంకటేశ్వరమ్మ రిబ్బను కత్తిరించింది. బోర్డుల బుల్లయ్య కుర్చీ ఉయ్యాల స్తంభానికి తాటికాయంత అక్షరాలతో ఒక పలక రాసి తగిలించాడు. అక్షరాలు మరీ పెద్దవై చోటు చాలక "దివ్యాం" పై వరసలోనూ "గుల ఉయ్యాల" కింది వరసలోనూ పడ్డాయి. కోటిలింగం కూతుర్ని ఎత్తుకుని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక హుక్కు తగిలించి ఊపాడు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అన్నారు. దివ్య నవ్వింది. "పాపం, బంగారు తల్లి" అని ఎవరో ముసలావిడ మెటికలు విరిచింది.

సౌజన్య ఆ కుర్చీ ముందు ఆగింది. "కోటిలింగం గారూ, రెయిలింగు ఏదండీ?"

"రెండ్రోజుల్లో పెట్టేస్తా మేడం. ఇది చూడండి ముందు."

"చక్కగా చేశారు," అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ బొమ్మలో ఇది లేదు కదండీ. ఒక్కరినే విడిగా కూర్చోబెట్టేది వద్దనే గంప వేసింది. పోనీ, పాపని అడిగారా?" అంది.

"పాపనేమడుగుతామండీ? మా అమ్మాయి సంగతి నాకు తెలీదా?" అని నవ్వేశాడు. ఆమె ఇంకేదో అనబోతుంటే సర్పంచ్ గారు పిలిచారు.

పిల్లలు గుంపుగా కుర్చీ దగ్గరికొచ్చారు. జహీరా బోర్డుని కూడబలుక్కుని చదివింది. "ఓయ్ దివ్యా, నీ పేరే రాశారే! మేం ఎక్కకూడదంట." చదివినంతసేపు కూడా నిలబడలేదు. కొత్త అరుగు అటు పిలుస్తుంటే ఇటెవరు నిలబడతారు? అందరూ అరుగు మీదకి పరిగెత్తారు. కాసేపట్లో అక్కణ్ణుంచి "నేల కావాలా, బండ కావాలా?" అన్న కేకలు మొదలయ్యాయి.

కోటిలింగాన్ని ఊగుడు బల్ల కీచుమంటోందని ఒకరు, భోజనాలకి రమ్మని ఒకరు లాక్కుపోయారు. కుర్చీ ఊగి ఊగి ఆగింది. దివ్య చెయ్యి వెనక్కి పెట్టి హుక్కు కోసం తడుముకుంది. అందలేదు. "జహీరా!" అని పిలిచింది. నాగలి పళ్ళేల మీద కుర్రాళ్ళు దడదడ వాయిస్తున్నారు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత పిలవడం మానేసి, అరుగు మీద ఎవరు ఔటవుతున్నారో చూస్తూ కూర్చుంది.

కోటిలింగం చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి నీడ కుర్చీని దాటిపోయి, ఎండ పిల్ల మొహమ్మీద పడుతోంది.

"ఇంకాసేపు ఊపనా బంగారం?"

"విప్పు."

"ఏమైందమ్మా?"

"విప్పు నాన్నా."

హుక్కు తీశాడు. వాకర్ చేతికి రాగానే దివ్య తండ్రి మొహం చూడకుండా అంది. "అరటిపండైతే కనీసం పక్కన నిలబడనిచ్చేవాళ్ళు. నువ్వు అది కూడా లేకుండా చేశావ్."

ఇంటికెళ్ళాక కోటిలింగం ఎగిరాడు. చెయ్యి కాల్చుకుని, నిద్రమానుకుని చేస్తే ఇదా మాట? పిల్లని గారం చేసి పాడుచేస్తున్నావని భార్య మీద కూడా పడ్డాడు. దుర్గ అన్నం వడ్డిస్తూ అంతా విని, "నాకేం తెలుసు. నువ్వూపితే నవ్విందా?" అంది.

"నవ్వింది. ఫోటోలున్నయ్, చూడు."

"ఫోటోలు తీసేవాళ్ళు లేనప్పుడు?"

అతనికి ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కంచం పక్కకి నెట్టేశాడు.

తెల్లారి ఆదివారం. రెయిలింగుకి గుంటలు తీద్దామని గునపం భుజాన వేసుకుని ఆటస్థలానికి వెళ్ళిన కోటిలింగం గేటు దగ్గరే దగ్గాడు. ఘాటు గుప్పుమంది. ర్యాంపు కింది నుంచి అరుగు ఆ చివరిదాకా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఆ కాయల సొంతదారు పేరయ్య మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆ ఊరి మనిషికి మిరప కాలంలో నున్నటి సిమెంటు కనపడితే చాలు, ఊరికే వదలబుద్ధి కాదు. రోడ్డు మీద పోస్తారు, బడి వరండాలో పోస్తారు, అడిగితే "ఖాళీగానే ఉందిగా" అంటారు.

"ఏంది మావా ఇది? పిల్లలాడుకునే చోటు గదా!"

"మా కల్లం నిండిపోయిందిరా. మట్టిలో పోస్తే రంగు పోద్ది. నాలుగు రోజులు ఎండనీ, ఎత్తేస్తాలే."

"నాలుగు రోజులు పిల్లలెక్కడ ఆడుకోవాలి?"

"ఆళ్ళకేం, కాళ్ళున్నయ్, బజారుంది." పేరయ్య చుట్ట నుసి దులిపి, గడ్డంతో కుర్చీ ఉయ్యాల వైపు చూపించాడు. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. "మీ అమ్మాయికైతే నువ్వు మారాజులాగా విడిగా కట్టించావ్. బోర్డు కూడా పెట్టావ్. ఇక ఈ అరుగుతో దానికేం పని చెప్పు?"

 కోటిలింగం గునపం నేలకి ఆనించి ఆ కుర్చీ వైపు తిరిగాడు. ఈ ఆటస్థలమంతా ఇక ఊరిది, ఆ మూలనున్న కుర్చీ మాత్రం తన కూతురిది. వాటా పంచేశారు. పంచింది ఎవరో కాదు, తనే. పైపు కోసి, అతికి, రంగేసి, హంసలు పెట్టి మరీ పంచాడు. 

"మధ్యాన్నానికల్లా ఎత్తెయ్ మావా," అన్నాడు.

"ఎందుకురా?"

"మా అమ్మాయి ఆడుకోవాల."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ అరుగు మీద."

 పేరయ్య కాసేపు గొణిగాడు, సర్పంచ్‌తో చెప్తానన్నాడు, చివరికి తనే గోతాలు తెప్పించాడు. కోటిలింగం కూడా పంచె బిగించి పార పట్టాడు. ఇనప పని చేసే చేతులకి మిరపకాయ అలవాటుండదు. గోతాలు నిండేసరికి వేళ్ళ సందులు భగ్గుమన్నాయి. అయినా ఆగకుండా బోరు నుంచి గొట్టం లాగి అరుగంతా కడిగాడు. ర్యాంపు గీతల్లో ఇరుక్కున్న గింజల్ని కొబ్బరి చీపురుతో గీకి గీకి, మళ్ళీ కడిగాడు. పిల్లలు కళ్ళు నులుముకుంటే ఎట్టా అని ఏరుడు ఆడవాళ్ళిద్దరూ కూడా బిందెలతో నీళ్ళు పోశారు.

ఆ తర్వాత షెడ్డుకెళ్ళి గ్రైండర్ తెచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీ చేతుల్ని ముందు కోశాడు. తర్వాత పీట, తర్వాత స్తంభాలు. నిప్పురవ్వలు లేస్తుంటే గేటు దగ్గర నలుగురు చేరి, "పిచ్చేమన్నా ఎక్కిందా కోటీ? నిన్ననేగా పెట్టావ్!" అన్నారు. ఎప్పటిలాగే అతనికి వినపడలేదు. పైపులు పైపులుగా విడదీసి ర్యాంపు పక్కన పేర్చి, సౌజన్యకి ఫోన్ చేశాడు.

"మేడం, రెయిలింగు ఎంత ఎత్తు పెట్టమంటారు?"

"బొమ్మలో రాశాను కదండీ."

"రాశారు. కానీ..." గొంతు సవరించుకున్నాడు. "కుర్చీ తీసేశానండీ."

అవతల సౌజన్య గొంతు మెత్తబడింది. "అయితే పాపని అక్కడ నిలబెట్టి చూడండి. రెండు వరసలు పెట్టండి, చిన్నపిల్లలకి ఒకటి, పెద్దవాళ్ళకి ఒకటి. పాప ఎక్కడ చెప్తే అక్కడ."

దివ్య రానంది. దుర్గ ఏం చెప్పి ఒప్పించిందో గానీ, ఎండ వాలాక మూతి ముడుచుకుని వచ్చింది. కోటిలింగం పైపుని ఆమె నడుము దగ్గర పెట్టి, "ఇక్కడ చాలా?" అన్నాడు.

"ఇంకా కిందకి."

"ఇక్కడ?"

"మరీ అంత కాదు. ఆఁ, అక్కడ." వాకర్ వదిలేసి రెండు చేతులా పైపు పట్టుకుని ఒక అడుగు పక్కకి జరిగి చూసుకుంది. ఇంకో అడుగు. తండ్రి అవతలి కొస పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆమె కళ్ళు మూలనున్న ఖాళీ వైపు తిరిగాయి.

"కుర్చీ ఏమైంది?"

"నువ్వు పట్టుకున్నదదే."

దివ్య పైపుని వేలితో టంగుమనిపించింది. "అది అంత బాగాలేదులే నాన్నా," అంది. "నీకు చెప్పలేదంతే."

మర్నాడు బడి వదిలేసరికి రెయిలింగు నిలబడింది. కోటిలింగం కింది కొస దగ్గర గొంతుక్కూర్చుని, పిల్లల చేతులు గీసుకోకుండా అంచుల్ని ఆకురాయితో నున్నగా అరగదీస్తున్నాడు. పిల్లలు తోసుకుంటూ వచ్చారు. దొంగెవరో తేల్చడానికి పంటలు వేసుకుంటే కోటేష్ అనే ఆరో తరగతి కుర్రాడు దొంగయ్యాడు. నేల కోరుకున్నాడు. అందరూ బిలబిలమంటూ అరుగెక్కారు. దివ్య వాకర్‌ని కింద వదిలేసి, రెయిలింగు పట్టుకుని, ఒక్కో అడుగే పక్కకి ఈడ్చుకుంటూ ర్యాంపు ఎక్కడం మొదలెట్టింది. సగం దాకా వచ్చి ఆగి ఆయాసపడింది.

కోటేష్ ఆమె దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు. "ఒసే జహీరా, ఇది నేల మీదున్నట్టా, బండ మీదున్నట్టా?"

ఆట ఆగిపోయింది. నిజమే, ఇన్నేళ్ళ ఆటలో ఈ చిక్కు ఎవరికీ రాలేదు. బజారులో అరుగులకి ర్యాంపులెక్కడివి?

"నేలే. కింద నేలకి అంటుకుని ఉందిగా," అన్నాడు కోటేష్.

"పైన బండకి కూడా అంటుకునే ఉంది," అంది జహీరా.

"సిమెంటు గాబట్టి బండే."

"అయితే మన క్లాసురూము కింద కూడా సిమెంటే. అది బండంటావా?"

"గోళీ పెట్టి చూద్దాం. ఆగితే బండ, దొర్లితే నేల." కొత్త పిల్లాడు జేబులోంచి గోళీ తీసి పెట్టాడు. అది దొర్లుకుంటూ కోటిలింగం కాళ్ళ దగ్గరికొచ్చింది. "చూశారా, నేల!" "పైనుంచి దొర్లింది గదా, పైన బండన్నట్టేగా!" గొడవ పెద్దదయ్యింది. చివరికి జహీరా విసుగెత్తి చేతులూపింది. "అబ్బ, దివ్యొక్కతే గదా ర్యాంపు మీదుంటది? అదెట్టాగూ అరటిపండు. ఎక్కడున్నా ఒకటే. ఆడండి."

"నేను అరటిపండుని కాను," అంది దివ్య.

అందరూ ఆమె వంక చూశారు.

"నన్ను లెక్కలో పెట్టుకుంటేనే ఆడతా. లేకపోతే ఇది మా నాన్న పెట్టిన రెయిలింగు, ఎవ్వరూ పట్టుకోడానికి లేదు."

జహీరా నడుం మీద చేతులేసుకుని ఆలోచించింది. "ఔటైతే ఏడవకూడదు మరి."

"ఏడవను. ర్యాంపు మధ్యలో గీత గీయండి. పైన బండ, కింద నేల."

"మధ్య ఎక్కడో ఎట్టా తెలుస్తది?"

దివ్య గోతాం కుట్టే పురికొస అడిగింది. పేరయ్య గోతాలవి అక్కడే పడున్నాయి. ర్యాంపు పొడవునా పురికొస పరిచి, కొసలు రెండూ కలిపి మడత పెట్టించి, ఆ మడత ఎంతదాకా వస్తే అక్కడ ఇటికముక్కతో గీత గీయించింది. కోటేష్ రెండోసారి మడిచి సరిచూసుకుని గానీ ఒప్పుకోలేదు. ఇక ఆట సాగింది.

మొదట్లో దివ్య గీతకి పైనే ఉండి అరిచింది. కాసేపటికి ధైర్యమొచ్చి, కోటేష్ అటు తిరిగినప్పుడల్లా రెయిలింగు పట్టుకుని ఒక్క అడుగు గీత కిందకి వేసి, "నీ నేల తొక్కుతున్నానోచ్!" అని మళ్ళీ పైకి లాక్కుంటోంది. ఆ అడుగు పడినప్పుడల్లా కోటిలింగం చేతిలో ఆకురాయి ఆగిపోతోంది. జారితే? మోకాలు చిట్లితే? లేచి వెళ్ళి పట్టుకుందామని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్ళలేదు.

మూడోసారో నాలుగోసారో కోటేష్ తిరిగినట్టు తిరిగి గిరుక్కున వెనక్కొచ్చాడు. వాడి చెయ్యి దివ్య భుజమ్మీద పడింది.

"ఔట్! దివ్య దొంగ!"

"కాదు! నా కాళ్ళు గీత పైనే ఉన్నయ్!"

"నువ్వు లాక్కున్నావ్! ముట్టుకున్నప్పుడు కిందే ఉంది!"

"తొండి! తొండాట!"

ఎవరికీ సరిగ్గా కనపడలేదు. కనపడ్డవాడు ఒక్కడే ఉన్నాడు, కింది కొస దగ్గర గొంతుక్కూర్చుని. జహీరా అతని వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు ఇక్కడే ఉన్నావుగా. నిజం చెప్పు. దివ్య కాలు గీత దాటిందా, లేదా?"

పిల్లలంతా అతని నోటివంకే చూస్తున్నారు. దివ్య కూడా చూస్తోంది, చెప్పు నాన్నా అన్నట్టు. అతనికి కనపడింది. కుడికాలు, ఎప్పుడూ ఆలస్యంగా కదిలే ఆ కాలే, గీతకి జానెడు కింద ఉండగా కోటేష్ చెయ్యి పడింది. దాటలేదమ్మా అంటే అయిపోతుంది. చిన్నపిల్లలు, నమ్మేస్తారు. అదీ కాకపోతే ఇంకో మాటుంది, ఏళ్ళ తరబడి అలవాటైన మాట. పోనీండ్రా, అది అరటిపండు గదా, వదిలెయ్యండి. ఆ మాట గొంతులోకి వచ్చి కూర్చుంది కూడా. కోటిలింగం దాన్ని మింగాడు. చేదుమాత్ర మింగినంత కష్టమైంది.

"దాటింది," అన్నాడు. "కుడికాలు దాటింది."

"నాన్నా!"

దివ్య మొహం కందగడ్డయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. జహీరా వేలు చూపించింది. "ఏడవనన్నావుగా?"

"ఏడుపెవరు ఏడిచారు? మిరపకాయల ఘాటు," అని భుజంతో కళ్ళు తుడుచుకుంది. ఒక్కడు కూడా నమ్మలేదు గానీ, ఎవరూ వాదించలేదు.

"సరే చెప్పు. నేల కావాలా, బండ కావాలా?" అని అందరూ ఒక్క గొంతుతో అడిగారు. ఆ ప్రశ్న ఎవరూ ఆమెని ఎప్పుడూ అడగలేదు. దివ్య తొందరపడలేదు. రెయిలింగు చూసింది, అరుగు చూసింది, అందరి కాళ్ళూ చూసింది.

"బండ!" అంది.

ఇప్పుడు అరుగంతా ఆమెది. మిగతావాళ్ళు నేల మీదుండి, పైకెక్కి ఏడిపించాలి. దివ్య పైకి చేరి చతికిలబడింది. నిలబడితే ఓడిపోతుంది గానీ, కూర్చుని డేకడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. నున్నటి సిమెంటు మీద అటునుంచి ఇటు సర్రున జారుకుంటూ వచ్చి, మెట్ల మీంచి తల పైకెత్తిన జహీరా జడ పట్టేసుకుంది.

"ఔట్! ఔట్! ఔట్!"

"జడ లెక్కలోకి రాదే!"

"జడ నీది కాదా? పక్కింటోళ్ళదా?"

కోటిలింగం ఆకురాయి జేబులో పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతనికి మాత్రం నిజంగానే కళ్ళు మండుతున్నాయి.

దీపాలు పెట్టేవేళకి ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. దారిపొడుగునా దివ్య తండ్రితో మాట్లాడలేదు. నీళ్ళు తాగుతావా అంటే పలకలేదు. ఎత్తుకోనా అంటే వాకర్‌ని అతని కాలి మీదుగా ఎక్కించినంత పని చేసింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న దుర్గ కనపడగానే గట్టిగా మొదలెట్టింది.

"అమ్మా! నాన్న నన్ను ఔట్ చేయించాడే! అందరిముందూ నా కాలు గీత దాటిందని చెప్పాడు. సొంతకూతుర్ని ఎవరన్నా ఔట్ చేయిస్తారా?"

దుర్గ చేతిలో చేట ఆగింది. "ఏమయ్యావు?"

"ఔటయ్యానమ్మా! దొంగనయ్యా!"

"అంటే, లెక్కలోనే? అందరిలాగానే?"

"అందరిలాగానే! అందుకేగా కోపం!"

దుర్గ చేట కింద పెట్టి భర్త వంక చూసింది. అతను తల ఊపాడు. ఆమె కూతుర్ని వాకర్‌తో సహా దగ్గరికి లాక్కుని నుదుటి మీద, చెంపల మీద, మట్టికొట్టుకుపోయిన చేతుల మీద ముద్దులు పెట్టింది.

"వదులమ్మా! నేను ఔటయ్యానంటే నువ్వు నవ్వుతావేంది?"

"నవ్వట్లేదే తల్లీ," అంది దుర్గ పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ.

దివ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఒకళ్ళకి బుద్ధి లేదనుకుంటే ఇద్దరికీ లేనట్టుంది.

"మీ ఇద్దరికీ ఆటంటే ఏందో తెలీదు," అని విసుక్కుని, రేపు కోటేష్ సంగతి చూడాలని గొణుక్కుంటూ వాకర్ తోసుకుని లోపలికి వెళ్ళింది.